పెరటి కొలనులో చేపలు వేయాలా, కప్పలకు వదిలేయాలా?

సంపాదక మహాశయులకు,

నమస్కారములు.

విశాఖపట్నంలో పెరడంటూ మిగిలిన ఇళ్లలో చిన్న నీటి కొలను కట్టుకోవాలనే ఉత్సాహం ఈ మధ్య బాగా పెరిగింది. సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ వంటి పాత కాలనీల్లోనూ, మధురవాడ, పెందుర్తి వైపు కొత్తగా లేచిన ఇళ్లలోనూ సిమెంటు తొట్టెలోనో, గొయ్యి తవ్వి టార్పాలిన్ పరచిన గుంటలోనో తామర దుంపలు నాటి మురిసిపోయేవారు చాలామందే ఉన్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే నీళ్లు నింపి వారం తిరక్కుండానే అందులో దోమ లార్వాలు కనిపించి ఇంటివారికి కంగారు మొదలవుతుంది. అప్పుడు నర్సరీ నడిపేవారు మొదలుకొని ఇరుగుపొరుగు వరకు అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: నాలుగు గంబూసియా చేపలు వేయండి, ఎక్కడైనా రెండు కప్పలు దొరికితే పట్టి తెచ్చి వదలండి, ఇక దోమల మాటే ఉండదు అని. తోటల పెంపకం గురించి పత్రికల్లో వచ్చే శీర్షికల్లోనూ ఈ మాట తరచుగా కనబడుతోంది. ఈ సలహాలోని రెండు భాగాలూ ఒకదానితో ఒకటి పొసగవనీ, విడివిడిగా తీసుకున్నా రెండూ సరైనవి కావనీ, మన ఊరి నీటికి, మన ఊరి వానలకు సరిపడే పద్ధతి వేరే ఉందనీ మీ పాఠకుల దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది కొలను చేపలకా, కప్పలకా అన్నది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న గుంటలో సుమారు 1,350 లీటర్ల నీళ్లు పడతాయి. అంత కొద్ది నీటిలో చేపల కంటపడకుండా దాక్కునే చోటు కప్ప గుడ్లకూ ఉండదు, వాటి నుంచి వచ్చే తోకకప్పలకూ ఉండదు. పెద్ద చెరువుల్లో చేపలూ కప్పలూ కలిసే బతుకుతున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. చెరువుకు అంచుల వెంట తుంగ ఉంటుంది, పక్కనే వానకు నిండి ఎండకు ఇంకిపోయే మడుగులు ఉంటాయి, చాలా కప్పలు గుడ్లు పెట్టేది చేపలు చేరలేని ఆ మడుగుల్లోనే. పెరట్లో ఆ సదుపాయం లేదు. వీధి దీపాల కింద పురుగులు ఏరుకుంటూ కనిపించే, ఒంటి నిండా బుడిపెలున్న గరుకు కప్ప మాత్రం కొంత మినహాయింపు. దాని పిల్లలు చాలా చేపల నోటికి రుచించవు కాబట్టి అవి ఎంతో కొంత తప్పించుకుంటాయి. తక్కిన కప్పల పిల్లలు చేపలున్న తొట్టెలో బతికి బయటపడడం అరుదు.

ఇక గంబూసియా సంగతి. దీని పుట్టిల్లు అమెరికా దక్షిణ భాగంలో మెక్సికో సింధుశాఖ వైపు పారే నదులు. దోమలను తింటుందన్న పేరుతో దీన్ని ప్రపంచమంతా తిప్పారు. మన దేశానికి 1928లో ఇటలీ నుంచి తెచ్చారు. ఆడచేప రెండంగుళాలు దాటితే గొప్ప, మగది ఇంకా చిన్నది. కానీ ఇది గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలనే కంటుంది, వేసవి పొడవునా ఈత మీద ఈత వేస్తూనే ఉంటుంది, మురికి నీటిలోనూ, ఉప్పు తగిలిన నీటిలోనూ, ఆక్సిజన్ తక్కువైన నీటిలోనూ బతికేస్తుంది. ఆరోగ్య శాఖవారికి ఇది నచ్చడానికి కారణం ఈ మొండితనమే. జీవశాస్త్రం చదివినవారు దీన్ని చూసి జంకడానికి కారణమూ అదే. ఆకలి మీదున్న చేప రోజుకు వంద లార్వాలను మింగుతుందన్న మాట అబద్ధమేమీ కాదు. అయితే ఇది దోమ లార్వాలనే వెతుక్కుని తినే చేప కాదు, ఎదుట కదిలిన ప్రతిదాన్నీ తినే చేప. నీటిలోని సూక్ష్మజీవులను తింటుంది, కప్ప గుడ్లను తింటుంది, ఇతర చేపల పిల్లలను తింటుంది, తనకన్నా పెద్ద చేపల రెక్కలనూ తోకలనూ కొరికి పుళ్లు చేస్తుంది. నీటి అడుగున ఉండి దోమ లార్వాలను పట్టి తినే తూనీగ పిల్లలను సైతం ఇది వదలదు. దోమలను తగ్గించే జీవులనే కాజేసే చేపను దోమల కోసం పెంచడమంత విడ్డూరం మరొకటి లేదు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లోనే గంబూసియాను దోమల నివారణకు సిఫారసు చేయడం మానుకుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరాయి జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నిపుణులు కూర్చిన జాబితాలో దీని పేరుంది. మన దేశపు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గంబూసియాను, దానితో పాటు అక్వేరియం దుకాణాల్లో రంగురంగులుగా కనిపించే గప్పీని కూడా చొరబాటు జాతులుగా గుర్తించింది. ఇంత జరిగాక కూడా 2023లో మన రాష్ట్రంలో గంబూసియాను పెద్ద ఎత్తున నీటి వనరుల్లో వదిలారు. ఈ చేపల విడుదల వ్యవహారం ఆ తరువాత జాతీయ హరిత ట్రిబ్యునల్ పరిశీలనకు కూడా వచ్చింది. మలేరియా విభాగం సిబ్బందిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మలేరియా, డెంగీలతో ఏటా తలపడే నగరంలో వారికి చేతికి అందిన ఆయుధం ఇది. గట్టు కట్టిన నూతిలో వేసిన చేప నూతిలోనే ఉంటుంది కాబట్టి అక్కడ నష్టం తక్కువ. పెరటి కొలను అలాంటిది కాదు, వాన గట్టిగా పడితే పొంగుతుంది.

మన నగరం పల్లమూ మెరకా తెలిసినవారికి ఆ పొంగిన నీరు ఎక్కడికి పోతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇది కొండల నడుమ కట్టుకున్న ఊరు. సింహాచలం కొండ మీదా, కంబాలకొండ మీదా కురిసిన వాన చూస్తుండగానే వీధుల్లోకి దిగుతుంది, వీధి కాలువ గెడ్డలో, అంటే కొండవాగులో, కలుస్తుంది, గెడ్డలు కొన్ని మేఘాద్రి గెడ్డ జలాశయం దిక్కుగా, కొన్ని ముడసర్లోవ జలాశయం దిక్కుగా, తక్కినవి సముద్రం దిక్కుగా సాగిపోతాయి. అక్టోబరులో వాయుగుండం పట్టిన ఒక్క రాత్రి చాలు, రెండడుగుల కొలను అంచు దాటి పారడానికి. అందులోని చేపపిల్లలు పక్క కాలువ చేరడానికి ఇంటి యజమాని అనుమతి అడగవు. తాగునీరు ఇచ్చే జలాశయాల్లో, వాటికి చేరే గెడ్డల్లో మన చిన్న చేపలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటి మధ్యకు గంబూసియాను పంపించే హక్కు పెరట్లో తామర పూయించుకునే సరదా వల్ల ఎవరికీ రాదు.

పొంగి పోయేవి కొన్నైతే, మోజు తీరాక మనుషులు స్వయంగా తీసుకెళ్లి వదిలేవి మరికొన్ని. తొట్టె గోడలకు పట్టిన పాచిని తింటుందని సక్కర్ చేపను కొంటారు. అది అడుగు దాటి పెరిగేసరికి ఏం చేయాలో తోచక సంచిలో వేసుకెళ్లి ఏ చెరువులోనో, ఏ గుడి కోనేటిలోనో జారవిడుస్తారు, పైగా ప్రాణం కాపాడామని తృప్తి పడతారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపకు ఒళ్లంతా గట్టి పలకలు, రెక్కలకు ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, తిందామంటే కండ ఉండదు. చేపలు పట్టేవారు దీన్ని దెయ్యం చేప అని ఊరికే అనలేదు. తూర్పు కనుమల నీటి వనరుల్లో ఇది వ్యాపించిన తీరును హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లోని డీఎన్‌ఏను పరీక్షించి కనుగొన్నారు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. చిన్నప్పుడు పచ్చగా ముద్దుగా ఉండే ఎర్రచెవుల తాబేలు కూడా ఇలా ముప్పు తెచ్చే పరాయి జీవే. వీటిలో దేన్నీ పెరటి కొలనులో వేయకపోవడమే మంచిది. ఇప్పటికే ఉన్నవాటిని అమ్మిన దుకాణానికి తిరిగి ఇవ్వాలే తప్ప గెడ్డలోకి వదలకూడదు.

చేపలే కావాలనుకునేవారు మన కాలువల్లో పుట్టి పెరిగిన చిన్న చేపలనే ఎంచుకోవాలి. నా మొదటి ఓటు పాంచాక్స్‌కు. మంచినీటిలోనూ, కాస్త ఉప్పు కలిసిన నీటిలోనూ బతికే ఈ చేప మన తీర ప్రాంతానికి పరాయిది కాదు, మూడున్నర అంగుళాలకు మించి పెరగదు. నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పైపొరకు ఒళ్లు ఆనించి కదలకుండా నిలబడుతుంది, గట్టు మీద నుంచి వంగి చూసేవారికి ముందుగా దాని నెత్తి మీద వెండి చుక్క కనబడుతుంది. దోమ లార్వా ఊపిరి పీల్చుకోవడానికి రావలసింది ఆ పైపొరకే. లార్వా తోక చివరి గొట్టం నీటి మట్టాన్ని తాకేలోగా చేప ఒక్క విదిలింపుతో దాన్ని అందుకుంటుంది, నీటి మీద చిన్న వలయం తప్ప మరేమీ మిగలదు. పొడవాటి మీసాలుండే పరకలు, చిన్న రకం పరిగెలు కూడా ఈ పనికి పనికివస్తాయి. ఇవన్నీ పంట కాలువల్లోనూ, చెరువుల్లోనూ వల వేసేవారి బుట్టలో అడుగున పడి ఉండే చిల్లర చేపలే కాబట్టి, కొనుక్కోవడానికి అక్వేరియం దుకాణం దాకా పోనక్కరలేదు. ముందుగా చెప్పి ఉంచితే మూత ఉన్న బకెట్టులో బతికుండగానే తెచ్చి ఇస్తారు. నేను పైన చెప్పిన కొలతల కొలనుకు పదిహేను, ఇరవై చేపలు చాలు. పరకలు, పరిగెలు గుంపుగా తిరిగేవి గనుక ఒకటీ రెండూ వేస్తే బెదిరిపోయి మూలన చేరతాయి. పరకలకూ పాంచాక్స్‌కూ ఎగిరే గుణం ఉంది, నీటి మట్టం గట్టుకు జానెడు కిందుగా ఉంచాలి. తిండి వేయడం అలవాటు చేస్తే లార్వాల మీద వాటికి ఆకలి తగ్గుతుంది.

చేపల చెరువుల నుంచి బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను తెచ్చి వేసేవారికి ఒక్క మాట. అవి కిలోల లెక్కన పెరగవలసిన చేపలు. తొట్టెలో గిడసబారిపోవడమో, వేసవిలో ఒక తెల్లవారుజామున ఆక్సిజన్ అందక తేలిపోవడమో తప్పదు. కొర్రమీను వేస్తే కొన్నాళ్లకు కొలనులో అదొక్కటే మిగులుతుంది. గోల్డ్‌ఫిష్ చూడడానికి బాగుంటుంది గానీ నీటిని పాడుచేయడంలో దానికి సాటి లేదు.

నీటి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఏ నర్సరీలో అడిగినా చెప్పే విషయమే. కొత్త సిమెంటు తొట్టెలోంచి సున్నపు ఊట దిగుతుంది గనుక రెండు మూడు వారాల పాటు నీళ్లు నింపి పారబోస్తూ ఉండాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది; ఒకటి రెండు రోజులు ఎండలో నిలవ ఉంచాలి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ, తీరానికి దగ్గరి కాలనీల్లో ఉప్పు కూడా ఉంటుంది. ఎత్తు నుంచి ధారగా పడేటట్టు వదిలితే ఆక్సిజన్ కలుస్తుంది, ఉప్పుకు మాత్రం విరుగుడు లేదు. చేపల వ్యర్థం వల్ల పుట్టే అమోనియాను విరగ్గొట్టే బాక్టీరియా కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది కాబట్టి, నీళ్లు నింపిన మర్నాడే చేపలన్నీ ఒకేసారి కుమ్మరించడం వాటిని చంపుకోవడమే. నీటి పైభాగంలో సగం వరకు కలువ, తామర ఆకులు పరచుకుంటే మే నెల ఎండకు నీరు మరీ వేడెక్కదు. గుర్రపు డెక్కను మాత్రం పూలు బాగున్నాయని దగ్గరకు రానివ్వకండి.

కప్పల విషయంలో నేను చెప్పదలచినది ఒక్కటే: వాటిని ఎవరూ తెచ్చి వేయనక్కరలేదు, వేయకూడదు కూడా. పెద్ద కప్పను ఒక చోట పట్టి మరో చోట వదిలితే అది అక్కడే ఉండిపోతుందన్న నమ్మకం లేదు. పాత చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది, మన రోడ్ల మీద ఆ ప్రయాణం ఎలా ముగుస్తుందో వానాకాలంలో పొద్దున్నే నడకకు వెళ్లేవారందరికీ తెలుసు. రోగాల భయం అంతకన్నా పెద్దది. కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ అనే బూజు వల్ల ప్రపంచవ్యాప్తంగా 500కు పైగా ఉభయచర జాతులు క్షీణించాయనీ, 90 జాతులు అంతరించిపోయి ఉంటాయనీ 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఇటువంటి రోగాలు ఖండాలు దాటింది ఎక్కువగా మనుషులు కప్పలను చేతులు మార్చడం వల్లనే. మన దేశపు కప్పే కదా అనుకోవడానికీ వీల్లేదు. మనకు బాగా తెలిసిన బోదురు కప్ప, ఒకప్పుడు కాళ్ల కోసం పట్టి విదేశాలకు ఎగుమతి చేసి, 1987లో కేంద్రం నిషేధించాక ఊపిరి పీల్చుకున్న ఆ కప్పే, పెంపకపు చేపపిల్లలతో పాటు అండమాన్ దీవులకు చేరి అక్కడి కప్పలకు పెద్ద ముప్పుగా తయారైంది. దాని తోకకప్పలు పాచి తిని ఊరుకునే రకం కాదు, తోటి జాతుల తోకకప్పలను తింటాయి.

కొలను నచ్చితే కప్ప తనంతట తానే వస్తుంది. నచ్చడానికి కావలసినవి కొద్దిపాటివి: నీటిలోకి దిగడానికీ ఎక్కడానికీ ఒక పక్కన రాళ్లతో పేర్చిన వాలు, గట్టు చుట్టూ తడి ఆరని ఆకుల చెత్త, పురుగుమందు చల్లని మొక్కలు, రాత్రి పూట దీపాలు లేని చీకటి, అన్నిటికన్నా ముఖ్యంగా చేపలు లేని నీరు. జూన్‌లో తొలి వానలు పడ్డాక నగరం లోపలి కొలనుకు ముందుగా వచ్చేది సాధారణంగా బెదిరిస్తే నీటి మీద విసిరిన పెంకులా ఎగిరెగిరి పోయే చిన్న నీటి కప్ప. పసుపు రంగు తిరిగి, దవడల కింద నీలి తిత్తులు ఉబ్బించి అరిచే మగ బోదురు కప్పలను చూడాలంటే మాత్రం ఆనందపురం వైపు పొలాలు మిగిలిన చోటికి వెళ్లవలసిందే. చెట్టుకప్ప మన స్నానాల గదుల్లోనే తిరుగుతుంటుంది, కొలను కట్టాక దాని సంసారం అక్కడికి మారుతుంది. ఒక రోజు పొద్దున తొట్టె గోడకు, నీటికి జానెడు పైన, పిడికిలంత తెల్లని నురగ ముద్ద అంటుకుని ఉంటే సబ్బు నురగ అనుకుని చీపురుతో కడిగేయకండి. అది ఆడకప్ప తన ఒంటి నుంచి వచ్చిన జిగురును కాళ్లతో చిలికి కట్టిన గూడు. పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల గుడ్లు తడిగా ఉంటాయి, కొద్ది రోజులకు నురగ కింది భాగం కరిగి పిల్లలు ఒక్కొక్కటిగా నీటిలోకి జారతాయి. ఇవన్నీ మన పిల్లలు పుస్తకంలో బొమ్మలు చూసి బట్టీ పట్టే విషయాలు.

అలాగని కప్పలు ఉంటే దోమలు ఉండవన్న మాటను నేను సమర్థించలేను. చాలా జాతుల తోకకప్పలు గోకి తినేది పాచినే, పెద్ద కప్పలు తినేవాటిలో దోమలది చిన్న వాటా. చేపలు లేని కొలనులో ఆ పని చేసేవి తూనీగ పిల్లలు, నీటి పురుగులు. అవి కుదురుకునే దాకా మొదటి రెండు మూడు నెలలు బీటీఐ అనే బాక్టీరియా మందు వాడవచ్చు. 1976లో ఇజ్రాయెల్‌లో కనుగొన్న ఈ బాక్టీరియా దోమ లార్వాల కడుపులోకి వెళ్లి పనిచేస్తుంది. చెప్పిన మోతాదులో వేస్తే చేపలకూ, కప్పలకూ హాని లేదు. ఎండకు దాని శక్తి తగ్గుతుంది గనుక డబ్బా మీద రాసిన గడువు ప్రకారం మళ్లీ వేయాలి. డెంగీని మోసే ఏడిస్ దోమకు ఇష్టమైన చోట్లు నిజానికి మూత లేని డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లు, కుండీల కింది పళ్లేలు. వాటిని వదిలేసి కొలనును నిందించడం మన ఇళ్లలో మామూలే.

కప్పలు చేరిన చోటికి నీటి పాములు రావడం సహజం. నీరుకట్టె వల్ల ప్రమాదం లేదు గానీ నాగుపాము కూడా కప్పలను తింటుంది, కొండవాలు కాలనీల్లో ఉండేవారు కొలనును గుమ్మానికి దూరంగా కట్టుకోవాలి. నడక నేర్చిన పసిపిల్లలున్న ఇంట్లో నీటి మీద ఇనుప జాలీ తప్పనిసరి. కప్పల అరుపులకు నిద్ర పట్టడం లేదని పొరుగువారు తగవుకు వస్తే దానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

మీ పత్రిక ద్వారా అధికారులకు నా విన్నపం ఇది. మలేరియా విభాగం పెంపక తొట్టెల్లో గంబూసియా బదులు పాంచాక్స్ వంటి స్థానిక చేపలను మత్స్య శాఖ సహాయంతో పెంచి, కొలనులున్న ఇళ్లకు వానలకు ముందే పంచిపెట్టాలి. ఇవి గంబూసియా అంత వేగంగా పిల్లలు పెట్టవు, నీటి మొక్కలకు గుడ్లు అంటించే రకం కాబట్టి పెంపకానికి కొంత ఓపిక కావాలి; అయినా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం ఉన్న ఊరిలో అది సాధ్యం కాని పనేమీ కాదు. అంతవరకు గంబూసియా సంచితో గుమ్మంలోకి వచ్చిన సిబ్బందికి పాఠకులు తమ కొలను నీరు పొంగితే ఏ కాలువలోకి పోతుందో చూపించి, చేపలకు బదులు బీటీఐ ఇమ్మని అడగవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం.